‘మీకు ఫోన్లు లేవా?’ – ఒక వీడియో గేమ్ తగాదా, కొంచెం లెక్క

– ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్), హాస్టల్ పూర్వ విద్యార్థి



వార్షికోత్సవ సంచికకు వ్యాసం కావాలని వార్డెన్ సార్ ఫోన్ చేసి, “పిల్లలకు చదువులో పనికొచ్చేది రాయి” అన్నారు. సరేనన్నాను. తీరా కూర్చుంటే వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. సార్ కోప్పడకుండా చివరిదాకా చదవాలని మనవి. మధ్యలో పదో తరగతి గణితంలోని సంభావ్యత పాఠం వస్తుంది.

ఇలా రాయడానికి ఒక కారణం ఉంది. పోయినసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక, వరండాలో పదో తరగతి తమ్ముళ్ళు ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకడి మేనమామ ఇంట్లో కంప్యూటర్ ఉందట. “ఫోన్‌లో ఆడేది గేమే కాదురా, కంప్యూటర్‌లో ఆడేదే అసలు గేమ్” అంటాడు వాడు. రెండోవాడు “కంప్యూటర్ ఎవడికుందిరా ఇక్కడ? మా అన్న ఫోన్‌లోనే ఆడతాడు. అది గేమ్ కాకపోతే మరేంటి?” అంటాడు. నన్ను చూసి ఇద్దరూ “అన్నా, నువ్వు చెప్పు” అన్నారు. అంతలో స్టడీ అవర్ బెల్లు కొట్టారు, నేను తప్పించుకున్నాను. జవాబు నాకు తెలుసనే అనుకున్నాను గానీ, నోటిదాకా వచ్చేసరికి అది రెండు జవాబులుగా వచ్చింది.

అచ్చం ఇదే తగాదా 2018లో అమెరికాలో పెద్ద ఎత్తున జరిగింది. అది ‘డయాబ్లో ఇమ్మోర్టల్’ అనే ఆట గురించి. పీజీ మొదటి సంవత్సరంలో సంభావ్యత సెమినార్‌కు నేను ఎంచుకున్న విషయం కూడా అదే. అక్కడ లెక్క మాత్రమే చెప్పాను, పదిహేను నిమిషాలే ఇచ్చారు. తగాదా మొత్తం ఇక్కడ చెప్తాను.

చెట్టు – పిలక

డయాబ్లో అనేది కాలిఫోర్నియాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ కంప్యూటర్ ఆట. మొదటిది 1996 చివర్లో వచ్చింది. ట్రిస్ట్రామ్ అని ఒక ఊరు. ఆ ఊరి చర్చి కింద పదహారు అంతస్తుల చీకటి నేలమాళిగలు. అన్నిటికన్నా కింద డయాబ్లో అనే రాక్షసుడు. మనం మౌసు నొక్కుతూ రాక్షసులను చంపుకుంటూ దిగాలి. చచ్చిన రాక్షసుడి దగ్గర కత్తో, కవచమో, ఉంగరమో రాలి పడుతుంది. ఏది పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. కంప్యూటర్ లోపల పాచిక వేసి నిర్ణయిస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. డయాబ్లో అభిమానికి అసలు మత్తు కథలో లేదు, ‘ఈసారి ఏం పడుతుందో’ అన్న ఆశలో ఉంది.

రెండవ భాగం 2000 సంవత్సరంలో వచ్చింది. దాన్ని ఇప్పటికీ ఆడుతున్నవాళ్ళున్నారు. మూడవ భాగం 2012 మే 15న వచ్చింది. మొదటి రోజే సర్వర్లు మొరాయించి, డబ్బిచ్చి కొన్నవాళ్ళకు ‘ఎర్రర్ 37’ అనే మాట తప్ప ఆట కనిపించలేదు. అంతకన్నా పెద్ద గొడవ ఇంకొకటి. అందులో నిజం డబ్బుతో ఆయుధాలు అమ్ముకునే, కొనుక్కునే వేలం సంత పెట్టారు. రాక్షసులను చంపి సంపాదించాల్సింది సంతలో దొరుకుతుంటే ఇక చంపడం ఎందుకు? చివరకు ఈ సంత ఆట మూలానికే దెబ్బ అని కంపెనీయే ఒప్పుకుని 2014 మార్చి 18న మూసేసింది. కాబట్టి డయాబ్లోలోకి డబ్బు వస్తే ఏమవుతుందో ఆ అభిమానులకు 2018 కన్నా ముందే ఒకసారి అనుభవమైంది.

ఇక స్పిన్-ఆఫ్ అంటే ఏమిటి? అరటిచెట్టు మొదట్లో పిలక వేస్తుంది కదా, అలాంటిది. అదే లోకం, అవే పాత్రలు, కానీ వరుస సంఖ్యలో రాదు. డయాబ్లో ఇమ్మోర్టల్ కథ రెండవ భాగానికీ మూడవ భాగానికీ మధ్య కాలంలో జరుగుతుంది. దానికి నాలుగు అనే అంకె లేదు. అందుకని అది పిలక.

పిలక మీద అభిమానులకు వచ్చే కోపం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, పిలక బాగాలేదని. రెండవది, చెట్టుకు పోయాల్సిన నీళ్ళు పిలకకు పోస్తున్నారని. ఈ రెండూ వేరువేరు కోపాలు. 2015లో నింటెండో కంపెనీ ‘మెట్రాయిడ్ ప్రైమ్: ఫెడరేషన్ ఫోర్స్’ అనే పిలకను ప్రకటించినప్పుడు, ఆట బయటికి రాకముందే దాన్ని ఆపేయమని వేలమంది సంతకాలు చేశారు. ఆడకముందే బాగాలేదని ఎలా తెలుస్తుంది? వాళ్ళది రెండవ రకం కోపం. అసలు మెట్రాయిడ్ కోసం వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు.

2018 నవంబర్ 2

కాలిఫోర్నియాలోని అనాహైమ్ నగరంలో బ్లిజార్డ్ కంపెనీ తన అభిమానులకు ‘బ్లిజ్‌కాన్’ పేరుతో జాతరలాంటి సభ జరుపుతుండేది. టికెట్ కొని, విమానం ఎక్కి, హోటల్ గది తీసుకుని వచ్చేవాళ్ళు. అంత ఖర్చు పెట్టి వచ్చారంటే వాళ్ళు ఎలాంటి అభిమానులో ఊహించుకోండి. దాదాపు అందరూ కంప్యూటర్ మీద ఆడేవాళ్ళే. ఆ ఏడు నాలుగవ డయాబ్లో ప్రకటిస్తారని వాళ్ళ ఆశ. ఆశలు మరీ పెంచుకోవద్దన్నట్టు కంపెనీ ముందుగానే కొన్ని మాటలు చెప్పింది కానీ, ఆశ ఎప్పుడు మాట విన్నది?

ప్రారంభ సభలో చివరి ప్రకటనగా తెరమీదికి డయాబ్లో ఇమ్మోర్టల్ వచ్చింది. ఫోన్‌లో ఆడే ఆట. చైనాకు చెందిన నెట్‌ఈజ్ అనే కంపెనీతో కలిసి చేస్తున్నామన్నారు. హాలు చల్లబడిపోయింది. తర్వాత ప్రశ్నలు అడిగే సమయంలో ఒక అభిమాని మైకు దగ్గరికి వచ్చి, ఇది నెల తప్పి చేస్తున్న ఏప్రిల్ ఫూల్ జోకా అని అడిగాడు. ఇంకొకరు కంప్యూటర్‌కు కూడా వస్తుందా అని అడిగారు. ఆట ముఖ్య రూపకర్త వయాట్ చెంగ్ అలాంటి ఆలోచన లేదన్నాడు. జనం ఈసడించారు. దానికి ఆయన, మీకెవరికీ ఫోన్లు లేవా అన్నాడు.

ఆ ఒక్క మాట ప్రపంచమంతా పాకింది. ట్రైలర్ కింద మెచ్చినవారి కన్నా ఛీ కొట్టినవారి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగిపోయింది. షేర్ మార్కెట్లో కంపెనీ షేరు కూడా పడింది.

అప్పటి వాదనలు చూద్దాం. వ్యతిరేకులు అన్నది: మా సభకు వచ్చి మాకు అక్కర్లేని ఆట చూపించారు. నెట్‌ఈజ్ పాత ఆటకే రంగు మార్చి డయాబ్లో పేరు పెట్టారు (కంపెనీ దీన్ని కాదంది). గాజు మీద వేలు రాస్తూ ఆడేది డయాబ్లో ఎలా అవుతుంది? ఫోన్ ఆటలంటే చివరికి డబ్బు గుంజడమే.

సమర్థకులు అన్నది: ఆడకముందే తిట్టడమేమిటి? నాలుగవ డయాబ్లో విడిగా తయారవుతూనే ఉంటుంది కదా. ప్రపంచంలో కంప్యూటర్ ఉన్నవాళ్ళకన్నా ఫోన్ ఉన్నవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్ళు డయాబ్లో ఆడకూడదా? పైగా ఉచితం.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. టికెట్ కొని వచ్చినవాడి నిరాశ న్యాయమైనదే. పెళ్ళి భోజనానికి పిలిచి చివరికి అటుకులు పెట్టినట్టుంది. అటుకులు చెడ్డవి కావు, కానీ పిలిచిన తీరు వేరు. అయితే ‘ఫోన్‌లో ఆడేది ఆటే కాదు’ అన్న మాట మాత్రం నాకు గొంతు దిగదు.

ఎందుకంటే మా ఇంట్లో మొదటి కంప్యూటర్ ఫోనే. 2020లో డిగ్రీలో చేరాను. కరోనా వల్ల క్లాసులు ఆన్‌లైన్ అన్నారు. మా అమ్మ రెండు మేకపిల్లలను అమ్మి ఎనిమిదిన్నర వేలు పెట్టి ఫోన్ కొనిచ్చింది. క్లాసులు విన్నది దాంట్లోనే, స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టింది దాంట్లోనే. పీజీ ప్రవేశ పరీక్ష ఫలితం చూసింది కూడా దాంట్లోనే. ఆ పరీక్షకు చదివిన పుస్తకాల్లో సగం ఆ పగిలిన తెర మీద చదివినవే. దాంట్లో చేసిన చదువు చదువైతే, ఆడిన ఆట ఆట ఎందుకు కాదు? 2018లోనే పబ్‌జీ అనే కంప్యూటర్ ఆట ఫోన్లలోకి వచ్చింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం దాన్ని నిషేధించేదాకా మన ఊళ్ళ పిల్లలు గుంపులు గుంపులుగా ఆడారు. అది ముందు కంప్యూటర్‌లో పుట్టిందని తెలిసినవాడు మా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు.

కాబట్టి వయాట్ చెంగ్ ప్రశ్న ఆ హాలులో తప్పుగా వినిపించింది కానీ, ఇంకో చోట దానికి జవాబు వేరుగా ఉండేది. ఫోన్ ఉందయ్యా, అదొక్కటే ఉంది.

ఆట బయటికి వచ్చాక

2022 జూన్ 2న డయాబ్లో ఇమ్మోర్టల్ ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో విడుదలైంది. విచిత్రం ఏమిటంటే, అదే రోజు కంప్యూటర్‌కు కూడా వచ్చింది. నాలుగేళ్ళ కిందట హాలులో అడిగిన ప్రశ్నకు లేదన్న జవాబు చివరికి అవునైంది.

వేళ్ళతో ఆడడం గురించిన భయం అబద్ధమని తేలింది. ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో దెబ్బ. అది హాయిగా కుదిరిందని విమర్శకులు చాలామంది మెచ్చుకున్నారు. మొదట్లో ఆరు రకాల వీరులు, పెద్ద లోకం, పూర్తి కథ, పైసా ఇవ్వకుండా ఆడవచ్చు. అయినా మెటాక్రిటిక్‌లో ఆటగాళ్ళు ఇచ్చిన సగటు మార్కు పదికి ఒకటి కూడా దాటలేదు. అదే సమయంలో, మొదటి రెండు వారాల్లోనే ఈ ఆట దాదాపు 2 కోట్ల 40 లక్షల డాలర్లు సంపాదించిందని యాప్‌మ్యాజిక్ అనే సంస్థ అంచనా వేసింది. ఇంత తిట్లు, ఇంత డబ్బు. రెండూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. ఆ చోటు పేరు రత్నాలు.

రత్నాల లెక్క

తమ్ముళ్ళూ, ఇక్కడి నుంచి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఆటలో మన వీరుడి బలం పెరగడానికి కత్తులు, కవచాలతో పాటు ‘లెజెండరీ రత్నాలు’ పొదగాలి. ముఖ్యమైన ఆయుధాలకు, కవచాలకు కలిపి ఆరు పొదుగులు ఉంటాయి. రత్నాల్లో ఒక నక్షత్రానివి, రెండు నక్షత్రాలవి, ఐదు నక్షత్రాలవి ఉన్నాయి. ఐదువి అన్నిటికన్నా బలమైనవి. వీటి కోసం ‘క్రెస్ట్’ అనే బిళ్ళను పెట్టి ఒక గుహలోకి వెళ్ళాలి. రాక్షసుణ్ణి చంపితే రత్నం రాలుతుంది. బిళ్ళల్లోనూ రకాలున్నాయి. లెజెండరీ క్రెస్ట్ పెడితే లెజెండరీ రత్నం ఖాయం, కానీ అది ఎన్ని నక్షత్రాలదన్నది పాచిక. డబ్బు పెట్టనివారికి ఇలాంటి బిళ్ళ నెలకు ఒకటో రెండో దొరుకుతుంది. కొంటే పదికి సుమారు 25 డాలర్లు, అంటే ఒక్కొక్కటి రెండున్నర డాలర్లు.

విడుదలైనప్పటి లెక్క ప్రకారం ఒక లెజెండరీ క్రెస్ట్‌కు ఐదు నక్షత్రాల రత్నం వచ్చే సంభావ్యత 4.5 శాతం, అంటే 0.045.

మనలో చాలామంది ఇక్కడ ఇలా అనుకుంటాం: 100ను 4.5తో భాగిస్తే 22 వస్తుంది, కాబట్టి 22 సార్లు వేస్తే ఒకటి ఖాయం. ఇది తప్పు. నేనూ ఇంటర్‌లో ఇలాగే అనుకునేవాణ్ణి. బొమ్మ పడే సంభావ్యత సగం, అంతమాత్రాన రెండుసార్లు నాణెం వేస్తే ఒకసారి బొమ్మ ఖాయమా? రెండుసార్లూ బొరుసు పడవచ్చు. ½ × ½ = ¼. నలుగురిలో ఒకరికి అలాగే పడుతుంది.

అదే పద్ధతిలో చూడండి. ఒకసారి రాకపోయే సంభావ్యత 1 – 0.045 = 0.955. పదిసార్లూ రాకపోవాలంటే 0.955ను పదిసార్లు గుణించాలి. క్యాలిక్యులేటర్‌లో నొక్కితే 0.63 వస్తుంది. అంటే 25 డాలర్ల ప్యాకెట్ కొన్న వందమందిలో 63 మందికి ఐదు నక్షత్రాల రత్నం ఒక్కటీ రాదు. 22 సార్లు గుణిస్తే 0.36. ఖాయమనుకున్న చోట కూడా వందకు 36 మంది ఖాళీ చేతులతో ఉంటారు.

దీనికి కంపెనీ ఒక హద్దు పెట్టింది. వరుసగా 49 సార్లు రాకపోతే యాభైయవసారి ఐదు నక్షత్రాలది తప్పక ఇస్తారు. ఆ హద్దును కూడా లెక్కలో వేస్తే, ఒక ఐదు నక్షత్రాల రత్నానికి సగటున 20 బిళ్ళలు అవుతాయి. (సెమినార్‌లో దీన్ని గుణశ్రేఢి మొత్తంతో నిరూపించాను. 0.955 యాభైయవ ఘాతం దాదాపు 0.1 కావడం వల్ల అంకె ఎంత అందంగా వస్తుందో! ఇంటర్ తమ్ముళ్ళు ప్రయత్నించండి.) 20 బిళ్ళలంటే 50 డాలర్లు. ఇంతవరకు పెద్ద ఘోరమేమీ కాదనిపిస్తుంది.

కానీ ఐదు నక్షత్రాల రత్నంలో మళ్ళీ నాణ్యత ఉంది. ఐదు నక్షత్రాలకు ఐదూ వెలిగినది ఒకటి, నాలుగు వెలిగినది ఒకటి, మూడు, రెండు. వందలో 75 వంతులు రెండే వెలుగుతాయి. 20 వంతులు మూడు, 4 వంతులు నాలుగు. ఐదూ వెలిగేది ఒక్క శాతం.

అంటే నిండు రత్నానికి సంభావ్యత 0.045 × 0.01 = 0.00045. పదివేలకు నాలుగున్నర. హద్దు లాభాన్ని కలుపుకున్నా సగటున 100 ఐదు నక్షత్రాల రత్నాలు, అంటే 2,000 బిళ్ళలు. బిళ్ళకు రెండున్నర డాలర్ల చొప్పున 5,000 డాలర్లు. 2022 జూన్‌లో డాలరు సుమారు 78 రూపాయలుండేది. దాదాపు 3 లక్షల 90 వేల రూపాయలు. ఒక్క రత్నానికి. అదీ సగటున. 0.99ను వందసార్లు గుణిస్తే 0.37 వస్తుంది కాబట్టి, వంద రత్నాలు తెచ్చుకున్నవాళ్ళలో కూడా వందకు 37 మందికి నిండు రత్నం ఇంకా వచ్చి ఉండదు. పొదుగులు ఆరు ఉన్నాయని, వచ్చిన రత్నం స్థాయి పెంచడానికి మళ్ళీ రత్నాలే కావాలని మరవకండి. ఒక వీరుణ్ణి పూర్తిగా తయారుచేయడానికి లక్ష డాలర్ల పైమాటేనని అప్పట్లో ఒక యూట్యూబ్ ఛానల్ లెక్కగట్టింది.

న్యూజిలాండ్‌కు చెందిన ఒక స్ట్రీమర్ అందరూ చూస్తుండగా వేల డాలర్లు పోసి, చివరికి నిండు రత్నం ఒకటి తెచ్చుకుని, నిరసనగా దాన్ని అక్కడే నాశనం చేసి ఆట వదిలేశాడు. ఇంకో యూట్యూబర్ లక్ష డాలర్ల దాకా పెట్టి ఎంత బలవంతుడయ్యాడంటే, అతనితో పోటీకి ఆట లోపల ఎవరినీ జతచేయలేకపోతున్నారని, గంటల తరబడి ఎదురుచూసినా ఆట దొరకడం లేదని తానే చెప్పుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది.

నా సొంత లెక్క

ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పై లెక్కలన్నీ చేసే నేను, 2021లో డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు వేరే ఒక ఫోన్ ఆటలో 1,800 రూపాయలు పోగొట్టుకున్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం, అది డయాబ్లో కాదు. అందులోనూ ఇలాంటి పెట్టెలే. మొదట 29 రూపాయలు. మంచిదేదో పడింది. తర్వాత 79. తర్వాత ‘ఈసారి పడుతుంది’ అని 79, మళ్ళీ 79. స్కాలర్‌షిప్ డబ్బులు బ్యాంకులో పడిన వారంలోనే జరిగింది ఇదంతా. పరీక్ష ఫీజు కట్టడానికి చూస్తే ఖాతాలో సరిపోలేదు. అమ్మకు పుస్తకాలు కొన్నానని అబద్ధం చెప్పాను. ఆమె అప్పుడు పత్తి ఏరడానికి వెళ్తోంది. 1,800 అంటే ఆమెకు ఎన్ని రోజుల కూలో నేను అప్పుడు లెక్క వేయలేదు. సంభావ్యత లెక్కా వేయలేదు. వేయడం వచ్చు, అయినా వేయలేదు. పీజీలో సెమినార్‌కు విషయం ఎంచుకోమన్నప్పుడు ఇది ఎందుకు ఎంచుకున్నానో మా సార్‌కు చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

అసలు వాదం ఎక్కడ ఉంది

సమర్థకుల బలమైన వాదాన్ని తీసిపారేయకూడదు. వాళ్ళన్నది ఇది: కథ మొత్తం ఉచితం. డబ్బు పెట్టకుండానే చివరిదాకా వెళ్ళవచ్చు. ఎక్కువమంది ఒక్క పైసా ఇవ్వరు. ఎవడో ధనవంతుడు లక్షలు పోస్తే ఆ డబ్బుతో మిగతా అందరికీ ఆట ఉచితంగా దొరుకుతోంది కదా, బాధేమిటి?

కథ వరకు ఇది నిజమే. నాలాంటివాడికి ఉచితం అన్న మాట చిన్నది కాదు. మూడవ డయాబ్లో పెట్టెను కొనే స్తోమత నాకు ఎప్పుడూ లేదు. కానీ కథ అయిపోయాక ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోట్లాడే భాగం ఉంది, అక్కడ రత్నాలున్నవాడిదే గెలుపు. డబ్బుతో ఆయుధాలు, కవచాలు కొనడం కుదరదని రూపకర్తలు ఒక సందర్భంలో చెప్పారు. అభిమానులు దాన్ని పట్టుకున్నారు. కవచం కొనలేం, కానీ కవచంలో పొదిగే రత్నం కొనవచ్చు, తేడా ఏమిటని. నాకు అభిమానుల మాటే సరైనదనిపిస్తుంది. ఇంకొక సంగతి: లక్షలు పోసేవారందరూ ధనవంతులేనని ఎవరు చెప్పారు? నేను ధనవంతుణ్ణి కాదు, నేనూ పోశాను.

పాత డయాబ్లోలోనూ పాచికే కదా అని కొందరంటారు. అవును, పాచికే. 2000లో వచ్చిన ఆటలో కూడా మంచి ఉంగరం కోసం రాత్రంతా కూర్చునేవారు. కానీ అక్కడ పాచిక వేయడానికి ఇచ్చేది నీ సమయం. నిద్ర వస్తే ఆట ఆగుతుంది. డబ్బుకు నిద్ర రాదు. పాత ఆటలోని ఆ ఆశనే తీసుకుని దాని పక్కన కొనుగోలు బొత్తాం పెట్టారు. 2012 నాటి వేలం సంతలో కనీసం ఏ వస్తువు కొంటున్నామో చూసి కొనేవారు. ఇక్కడ అదీ లేదు.

బెల్జియం దేశపు జూద కమిషన్ 2018లోనే ఇలాంటి డబ్బు పెట్టెలు జూదం చట్టం కిందికి వస్తాయని తేల్చింది. డయాబ్లో ఇమ్మోర్టల్ బెల్జియంలోనూ, నెదర్లాండ్స్‌లోనూ విడుదలే కాలేదు. చైనాలో 2017 నుంచి సంభావ్యతలను బయటపెట్టాలని నియమం ఉంది, ఆపిల్ కంపెనీ కూడా అదే ఏడాది డిసెంబర్‌లో తన స్టోర్‌లోని ఆటలకు ఆ నియమం పెట్టింది. మన దగ్గర పందెం కాసే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. అయితే రమ్మీలో పోయిన డబ్బు తిరిగి వస్తుందన్న ఆశైనా ఉంటుంది. రత్నం వచ్చినా దాన్ని డబ్బుగా మార్చి జేబులో వేసుకునే దారి ఆటలో లేదు. ఇది జూదమా కాదా అన్న చర్చ చాలా దేశాల్లో ఇక్కడే ఆగుతోంది.

4.5 శాతం అని ఆటలోనే రాసి ఉంటుంది, దాచలేదు. నాణ్యత ఒక శాతం అనీ తెలుసుకోవచ్చు. ఆ రెండంకెలను గుణించే పని మాత్రం ఆడేవాడికి వదిలేశారు.

ఇప్పుడు వరండా తమ్ముళ్ళ దగ్గరికి వస్తాను. 2018లో అభిమానులు నాలుగు ఆరోపణలు చేశారు. ఫోన్ గురించినది వీగిపోయింది, ఆట చేతికి బాగానే కుదిరింది. చెట్టుకు నీళ్ళు అందవన్న భయమూ వీగిపోయింది, నాలుగవ డయాబ్లో 2023 జూన్‌లో రానే వచ్చింది. రంగు మార్చిన పాత ఆట అన్నదానికి కూడా బలం లేకపోయింది. నిలిచింది డబ్బు గురించినది ఒక్కటే. కానీ ఆ రోజు హాలులో అందరికన్నా పెద్దగా వినిపించింది ఫోన్ మాట. దాని కింద డబ్బు మాట సగం మునిగిపోయింది. ఫోన్ ఆటగాళ్ళను చులకన చేసినవాళ్ళు, ఆ చులకన వల్లనే, అసలు నష్టపోయేది ఆ ఫోన్ ఆటగాళ్ళేనన్న సంగతి చెప్పలేకపోయారు.

ఈ వ్యాసం రాసే ముందు ఆదివారం మళ్ళీ హాస్టల్‌కు వెళ్ళాను. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, మెస్ రిజిస్టర్ వెనక అట్ట మీద 0.955 లెక్క చేసి చూపించాను. (కామాటి మామ తిట్టాడు.) కంప్యూటర్ పార్టీవాడు మౌనంగా ఉన్నాడు. ఫోన్ పార్టీవాడు మాత్రం అట్టను తనవైపు తిప్పుకుని, “అన్నా, యాభైయవసారి తప్పక ఇస్తారన్నావు కదా, మరి ఆ వచ్చింది రెండు నక్షత్రాలే వెలిగినదైతే?” అన్నాడు.

నాలుగింట మూడుసార్లు అదే వస్తుందన్నాను.

“అంటే మళ్ళీ ఒకటి నుంచి యాభై దాకానా?”

అవునన్నాను. వాడు పెన్ను తీసుకుని 50ను రెండున్నరతో గుణించి, దాన్ని మళ్ళీ 78తో గుణించడం మొదలుపెట్టాడు. 9,750 వచ్చింది. “మా అన్న ఫోనే అంత కాదు” అన్నాడు.